ఉదయవనంలో కూర్చునే ఉద్యోగం

తైచుంగ్
మార్చి 8

పిన్నీ,

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేమిటని కంగారుపడకు. మీ కొట్లో ఫోను నూనె మూకుడు పక్కనే ఉంటుంది. నేను మాట్లాడేది మావయ్య వింటాడు, అత్తయ్య వింటుంది, వేయించిన బావాన్ ఉండల కోసం వరసలో నిలబడ్డ చాంగ్‌హ్వా ఊరంతా వింటుంది. ఇది అందరూ వినే సంగతి కాదు.

నేను ఏడాదిగా అలంకరణ పని చేస్తూ పడి చస్తున్న షోరూమ్ తెరిచారు. దాని పేరు ఉదయవనం. అసలు భవనానికి ఇంకా గొయ్యి కూడా తవ్వలేదు. ఇక్కడ కట్టకముందే అమ్ముతారు కదా, అందుకని స్థలంలో ఓ పక్కన ఈ షోరూమ్ కట్టించారు. ఫ్లాట్లన్నీ అమ్ముడుపోయాక దీన్ని కూలగొట్టేస్తారు. నేను మాత్రం కూలగొట్టేదాన్ని కట్టినట్టు కట్టలేదు పిన్నీ. తెల్లటి సున్నపు గోడలు, లేత రంగు దేవదారు చెక్క, కాగితం కిటికీలు. ద్వారం దగ్గర రాతి తొట్టిలో కదలని నీళ్లు. మధ్యలో నమూనా ఫ్లాట్ ఒకటి, అందులో ముందుగది, పడగ్గది, వంటిల్లు. మైకు లేదు, ఫ్లాటు అమ్ముడైనప్పుడల్లా కొట్టే గంట లేదు, ఎర్ర తోరణాలు లేవు. పని పూర్తయిన రోజు లోపలికెళ్లి నిలబడితే నాకు ఏడుపొచ్చింది.

తీరా జనం వస్తే ఏమైందో తెలుసా? గడప దాటగానే గొంతు తగ్గించేస్తున్నారు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటున్నారు, టీ తాగుతున్నారు, వెళ్లిపోతున్నారు. ఒక ముసలావిడ నా చెవి దగ్గరకొచ్చి, "ఎవరు పోయారమ్మా?" అని అడిగింది.

అమ్మకాల మేనేజర్ హోంగ్ అని ఉన్నాడు. "చూడమ్మాయ్, సందడి లేని చోట మనవాళ్లు పైసా తియ్యరు. ఎవరూ కొనట్లేదంటే అందులో ఏదో తేడా ఉందనుకుంటారు. కొన్నాళ్లు చూస్తా. బల్లలు నిండితే సరే, లేకపోతే నీ తెలుపంతా పీకేసి ఎరుపు కొట్టిస్తా, గంట పెట్టిస్తా" అన్నాడు. బల్లలు నింపడానికి మనుషుల్ని పెడతారట. కొనేవాళ్లలా కూర్చోవాలి. మధ్యాహ్నం భోజనం పెడతారు, రోజుకింతని ఇస్తారు.

శని ఆదివారాలు నువ్వు వస్తావా? నా స్నేహితురాలి పెద్దమ్మవని హోంగ్‌కి చెప్పాను. ఒక్కటే షరతు. అక్కడ నేనెవరో నీకు తెలియదు, నువ్వెవరో నాకు తెలియదు. పలకరించుకోకూడదు. చెప్పాల్సినవి ఉంటే ఉత్తరం రాయి.

బీషియా

*

చాంగ్‌హ్వా
మార్చి 11

ఒసేయ్ బీషియా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు, రెండోసారి నమ్మకం కలగలేదు. కూర్చున్నందుకు డబ్బిస్తారా? మీ బాబాయి పోయినప్పటి నుంచీ ఈ మూకుడు ముందు నిలబడే ఉన్నాను. ఒక్కడైనా "కూర్చో త్సాయ్‌యున్" అన్న పాపాన పోలేదు.

వస్తాను. మీ అత్తయ్యతో మాజు అమ్మవారి గుళ్లో పసిడి కాగితాలు మడిచే సేవకి వెళుతున్నానని చెప్పాను. అమ్మవారి పేరు చెప్పి అబద్ధమాడాను. ఆ పాపం నీ ఖాతాలో రాసుకో.

ఇంతకీ నేనెవర్ని? కొనేదాన్నంటే సరిపోదు కదా, ఎవరో ఒకరై ఉండాలి. లూకాంగ్‌లో మూడు బట్టల కొట్లున్న దాన్నని చెప్పుకుంటా, బావుంటుందా? పక్కింటావిడ పట్టు జాకెట్టు అడిగాను. నూనె వాసన పోవడానికి రాత్రి అల్లం ముక్కతో చేతులు తోముకుంటున్నాను. నూనె పోలేదు, అల్లం వాసన తోడైంది. అదేం ఖర్మో!

ఇంకోటి. అక్కడ టీ తాగితే డబ్బులడుగుతారా?

మీ పిన్ని

*

చాంగ్‌హ్వా
ఏప్రిల్ 19

బీషియా,

నిన్న నువ్వు నా పక్కనుంచే కుండీ పట్టుకుని వెళ్లావు. "అమ్మాయ్, సన్నబడ్డావే" అనబోయి నాలుక కరుచుకున్నాను. అన్నం తింటున్నావా లేదా?

నాకొకటి అర్థం కావడం లేదు, అది నువ్వే చెప్పాలి. నిన్న ఆ ముందుగదిలో కూర్చున్నాను కదా. కిటికీ కాగితం మీద పొద్దుటి ఎండ పడి గదంతా పాలు పోసినట్టుంది. ఎంతసేపు కూర్చున్నా పొద్దున్నే. సాయంత్రం బయటికొస్తే కుంభవృష్టి, వీధిలో మోకాలి లోతు నీళ్లు. లోపల ఎండ, బయట వాన. నాకు మతి పోయింది. ఆ ఎండ ఎక్కడిదే?

నీ గది అంటే నాకు ప్రాణం లేచొస్తోంది, దాచుకోవడమెందుకు? నేనుండే అటక నీకు తెలుసు. లేస్తే తల తగులుతుంది, కిటికీ లేదు, కిందనుంచి నూనె పొగ. పొద్దు పొడిచిందో లేదో మీ మావయ్య దగ్గు విని తెలుసుకుంటాను. నీ గదిలో కూర్చుంటే మాత్రం నా మొహం నాకే కొత్తగా ఉంటోంది.

మరో సంగతి. హోంగ్ నన్ను పక్కకి పిలిచి, "అక్కా, అదిగో ఆ మూల బల్ల దగ్గర పెద్దమనిషి, వెన్ గారు. రిటైరైన హెడ్మాస్టరు. కొనడానికి దాదాపు సిద్ధంగా ఉన్నాడు. నువ్వెళ్లి పక్కన కూర్చుని ఫ్లాటుని కాస్త మెచ్చుకో, చాలు" అన్నాడు. వెళ్లాను. ఆయన లేచి నిలబడి కుర్చీ లాగి, "కూర్చోండమ్మా" అన్నాడు. నా కుర్చీ! నాకోసం లాగాడు! నేను తెల్లబోయి మూడు బట్టల కొట్లకి బదులు నాలుగని చెప్పేశాను.

మీ పిన్ని

*

తైచుంగ్
ఏప్రిల్ 24

పిన్నీ,

తింటున్నాను, బెంగపడకు.

కిటికీ సంగతి అడిగావు. అలంకరణ అంటే అదే పిన్నీ. వెలుగు ఎటు నుంచి రావాలో మేం ఆలోచించి పెడతాం. అంతకంటే వివరంగా చెబితే నీకు విసుగు.

హోంగ్ ఇప్పుడు గంట మాట ఎత్తడం లేదు. నువ్వొచ్చినప్పటి నుంచి బల్లలు నిండుగా ఉంటున్నాయి. నీ నవ్వు బయట వీధిలోకి వినిపిస్తోందని, అది విని జనం లోపలికొస్తున్నారని అంటున్నాడు. నా తెలుపు నీ వల్లే బతికింది.

వెన్ గారితో ఎక్కువ చనువు వద్దు. ఎవరితోనైనా సరే. మనం అక్కడ చేసేది ఉద్యోగం.

బీషియా

*

చాంగ్‌హ్వా
మే 31

బీషియా,

చనువు వద్దని రాశావు. ఆ ఉత్తరం రావడం ఆలస్యమైంది. అప్పటికే చనువైపోయింది.

ఏం మాట్లాడుకుంటామని అడుగుతావేమో. ఇల్లు గురించే. ఉద్యోగమే చేస్తున్నాను బాబూ! ఆయన అంటాడు, "మంచం ఇటు వేస్తే పొద్దున్నే ఎండ కాళ్ల మీద పడుతుంది" అని. నేనంటాను, "కాళ్ల మీదెందుకు, మొహం మీద పడాలి, లేకపోతే లేవరు" అని. "మీరు లేపరా?" అన్నాడు. అనేసి చెవులు ఎర్రగా చేసుకుని టీకప్పులోకి చూశాడు. నేను పుచ్చగింజలు వలుచుకుంటూ కూర్చున్నాను. ఒక్కటీ నోట్లో పెట్టుకోలేదు, అన్నీ ఆయన పళ్లెంలో వేశాను. ఇంటికొచ్చాక తెలిసింది నేను చేసిన పని.

ఆయన భార్య పోయి చాలా కాలమైందట. పిల్లల్లేరు. పెద్ద గొంతుతో మాట్లాడడు. నేను అబద్ధాలు చెబుతుంటే శ్రద్ధగా తలూపుతాడు. "ఈ కాలంలో సిల్కు గిరాకీ ఎలా ఉందండీ?" అని నిజంగా అడుగుతాడు. సిల్కు గిరాకీ నాకేం తెలుసే!

ఒక్క సంగతికి నాకు నిద్ర పట్టడం లేదు. నేను మెచ్చుకున్నకొద్దీ ఆయన కొనడానికి దగ్గరవుతున్నాడు. ముసలాయన, దాచుకున్నదంతా ఇందులో పోస్తాడు. అందుకే అడుగుతున్నాను, ఈసారి తప్పించుకోకుండా చెప్పు. రేపు కట్టే అసలు ఫ్లాటులో ఆ ఎండ వస్తుందా, రాదా? అవునో కాదో రాయి.

నిజం చెప్పేసి బయటపడదామా అనుకుంటాను. చెబితే ఆయనకి కనిపించేది ఎవరు? అటకలో పడుకునే, ఒళ్లంతా బావాన్ నూనె వాసనొచ్చే మనిషి. ఆ కుర్చీ మళ్లీ ఎవరు లాగుతారు? నాకు భయంగా ఉంది బీషియా. ఈ వయసులో ఇదేం భయమో తెలియదు. నా సంగతి ఆయనకి చెప్పనని మాజు అమ్మవారి మీద ఒట్టు వెయ్యి.

మీ పిన్ని

*

తైచుంగ్
జూన్ 8
(రాసి, పోస్టు చెయ్యని ఉత్తరం)

పిన్నీ,

అవునో కాదో అడిగావు. కాదు.

కాగితం కిటికీల వెనక సన్నటి సందు ఉంది. అందులో ట్యూబులైట్లు బిగించాను, పసుపు తెలుపు కలిపి, పొద్దుటి రంగు వచ్చేదాకా మార్చి మార్చి. ఈ వానల తడికి రోజూ ఏదో ఒకటి మిణుకుమంటుంది, నేను నిచ్చెనేసుకుని ఆ సందులో దూరి మారుస్తుంటాను. అసలు భవనంలో ఆ కిటికీకి ఎదురుగా పక్క భవనం గోడ వస్తుంది. చెయ్యి చాపితే తగులుతుంది. ప్లాను నేను చూశాను.

ఇంకో సంగతి ఇంతకంటే విడ్డూరం. నిన్న మధ్యాహ్నం వెనక రేకుల షెడ్డు దగ్గరికి వెళ్లాను. వెన్ గారు బోర్లించిన బకెట్టు మీద కూర్చుని డబ్బా భోజనం తింటున్నారు. బిల్డరు గారి డ్రైవరు ఆయనకి రోజు కూలి కవరు అందిస్తున్నాడు. నన్ను చూసి ఆయన ముద్ద మింగలేక ఉక్కిరిబిక్కిరయ్యారు.

ఆయన కూడా నీలాంటివారే పిన్నీ! నిన్ను హోంగ్ పెట్టాడు. ఆయన్ని బిల్డరు మనుషులు పెట్టారు. వీళ్ల సంగతి వాళ్లకి తెలియదు, వాళ్ల సంగతి వీళ్లకి తెలియదు. హోంగ్ నీకు ఆయన్ని చూపించి మెచ్చుకోమన్నాడా, డ్రైవరు ఆయనకి నిన్ను చూపించి, "లూకాంగ్ బట్టల కొట్లావిడ, బాగా ఉన్నావిడ, ఆవిడ పక్కన కూర్చుని ఆశ పెట్టు" అన్నాడట. మీరిద్దరూ ఇన్నాళ్లుగా ఒకరికొకరు ఇల్లు అమ్ముకుంటున్నారు.

హెడ్మాస్టరూ కాదు, ఏమీ కాదు. నాటకాల ట్రూపులో వేషాల పెట్టెలు మోసి, బట్టలు ఇస్త్రీ చేసిన మనిషి. ట్రూపు మూతపడింది. ఎవరి ఇంటి వరండాలోనో పడుకుంటున్నాడు. నా రెండు చేతులూ పట్టుకుని, "అమ్మాయ్, ఆవిడకి మాత్రం చెప్పకు. పెద్ద కుటుంబం మనిషి. నేనెవరో తెలిస్తే ఆ బల్ల దగ్గరికి రానివ్వదు" అన్నాడు. సరేనన్నాను.

నువ్వు ఒట్టు వెయ్యమన్నావు, ఆయనకి మాటిచ్చాను. ఇప్పుడు ఎవరితో నిజం చెప్పాలో, ఎవరి మాట దాచాలో నాకు తెలియడం లేదు. ఈ ఉత్తరం నీకు పంపితే ఆయన మాట తప్పినట్టు. పంపకపోతే

*

తైచుంగ్
జూన్ 10

పిన్నీ,

ఒట్టు. నీ సంగతి ఆయనకి చెప్పను.

ఆయన డబ్బు పోతుందని మాత్రం బెంగ పెట్టుకోకు. ఆయనకి పోయేదేమీ లేదు. నాకెలా తెలుసని అడక్కు. ఎండ గురించి కలిసినప్పుడు మాట్లాడుకుందాం.

బీషియా

*

చాంగ్‌హ్వా
జులై 20

బీషియా,

కలిసినప్పుడు మాట్లాడుకుందామంటావు, కలిస్తే మొహం తిప్పుకుంటావు. నీ తీరు నాకు బోధపడటం లేదు.

ఆయనకి పోయేదేమీ లేదని రాశావు. అంటే అంత ఉందా? ఒక ఫ్లాటు పోయినా లెక్క లేనంత? చూస్తే తెలియదే! నిన్న చొక్కా కాలరు అరిగిపోయి కనిపించింది. ఉన్నవాళ్లు అంతేనేమో, మనలాంటి వాళ్లే కొత్తవి తొడుక్కుంటారు. ఇది తెలిశాక నాకు ఇంకా సిగ్గుగా ఉంది. నాలుగు కొట్లని కోశాను కదా, అంతటి మనిషి ముందు అదెంత చిన్న అబద్ధం!

ఈ వారం ఆయన అన్నాడు, "మీరు అయిదో అంతస్తు తీసుకోండి, నేను పక్కది తీసుకుంటాను. మధ్య గోడకి చిన్న తలుపు పెట్టించుకుందాం" అని. అని నవ్వాడు. నేనూ నవ్వాను. తర్వాత ఇద్దరం నవ్వడం మానేసి కాగితం కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాం.

ఇక నా వల్ల కాదు. ఆగస్టులో దయ్యాల నెల మొదలవుతుంది, ఆ నెలలో ఎవరూ ఇల్లు కొనరు కాబట్టి షోరూమ్‌కి జనమూ రారు, నా కూర్చునే ఉద్యోగమూ అయిపోతుంది. అంతలోపే హోంగ్ ఆయనతో సంతకం పెట్టించాలని ఉబలాటపడుతున్నాడు. వచ్చే నెల మొదటి ఆదివారమట. ఆ రోజు ఆయన్ని చివరిసారి చూసి, ఆరోగ్యం జాగ్రత్త అని చెప్పి వచ్చేస్తాను. లూకాంగ్‌లో వ్యాపారం ఎక్కువైంది, ఇక రాలేనంటాను.

మీ పిన్ని

*

చాంగ్‌హ్వా
ఆగస్టు 3

బీషియా,

నీకు ఉత్తరం రాయకూడదనుకున్నాను. కానీ నా తరఫు నుంచి ఏం జరిగిందో నువ్వు వినాలి. నువ్వు ఆ కిటికీ అవతలి నుంచే కదా చూశావు.

ఆదివారం వెళ్లేసరికి జనం కిటకిటలాడుతున్నారు. కొత్తగా పెళ్లైన జంటలు, చంటిపిల్లలు, ముసలాళ్లు. మూల బల్ల మీద హోంగ్ కాగితాలు పరిచి, ముద్ర వేసుకోవడానికి ఎర్ర సిరా డబ్బీ తెరిచి పెట్టాడు. వెన్ గారు తల దువ్వుకుని కూర్చున్నారు. నన్ను చూసి ఎప్పటిలాగే లేచి కుర్చీ లాగారు.

హోంగ్ అందరికీ వినపడేలా, "అక్కా, వెన్ గారు అయిదో అంతస్తు తీసుకుంటున్నారు! మీరు ఆలస్యం చేస్తే పక్కది పోతుంది!" అన్నాడు. నా వంతు మాట నేననాలి. "అలాగే, నాకూ రాయండి" అనాలి. అదే కదా ఉద్యోగం. ఆయన పెన్ను తీసుకుని టోపీ విప్పాడు. చెయ్యి కొంచెం వణుకుతోంది. నాకు ఆ అరిగిన కాలరు కనిపించింది.

ఏమైందో నాకు తెలియదు. ఆయన చేతిలో పెన్ను లాగేసుకున్నాను.

"వద్దు మాస్టారూ! రాయకండి! ఇదంతా అబద్ధం. నేను కొనేదాన్ని కాదు, వీళ్లు నన్ను కూలికి కూర్చోబెట్టారు. నాకు కొట్లు లేవు, ఒక్కటీ లేదు. చాంగ్‌హ్వాలో మా తమ్ముడి కొట్లో బావాన్‌లు వేయిస్తాను. అటకలో పడుకుంటాను. ఆ ఎండ కూడా ఎండ కాదు, వానొచ్చినా పోదు, చూడండి!" అని లేచి, వేలితో కాగితం కిటికీని పొడిచాను. పొడిస్తే చిన్న కన్నం పడుతుందనుకున్నాను. అది పైనుంచి కిందిదాకా చిరిగిపోయింది.

లోపల నువ్వు. నిచ్చెన మీద. చేతిలో ట్యూబులైటు పట్టుకుని.

"మా అక్క కూతురు!" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. అందరికీ పరిచయం చేసినట్టు అన్నాను.

అప్పుడు వెన్ గారు మెల్లగా కోటు తెరిచి, లోపలి వైపు చూపించారు. నడుము దగ్గర పిన్నీసుతో కుదించి ఉంది. "ఈ సూటు నాది కాదమ్మా, డ్రైవరుది. నేను హెడ్మాస్టర్ని కాదు, నన్ను బడికి పంపినవాళ్లే లేరు. నేనూ కూలికే కూర్చున్నాను. మీరు నిజంగా డబ్బు పెట్టేస్తారేమోనని ఇవాళ ఈ సంతకం కాగానే చెప్పేద్దామనుకున్నాను" అన్నారు. తర్వాత నీ వైపు చూసి, "ఆ అమ్మాయికి నా సంగతి తెలుసు" అన్నారు.

నేను నిన్ను చూశాను. "తెలుసా?" అన్నాను. నువ్వు తల దించుకున్నావు.

ఇక ఎవరు ఎవర్ని తిడుతున్నారో తెలియలేదు. హోంగ్ డ్రైవర్ని "మీ మనిషా ఇతను? మాకెందుకు చెప్పలేదు?" అని కేకలు. డ్రైవరు "ఆవిడ మీ మనిషని మాకు చెప్పారా?" అని కేకలు. ఎవరో చప్పట్లు కొట్టారు. వీధిలోంచి జనం తోసుకుంటూ వస్తున్నారు. నేను సంచీ కూడా తీసుకోకుండా స్టేషన్‌కి పరిగెత్తాను.

రైల్లో ఏడ్చాను, తర్వాత నవ్వొచ్చింది, మళ్లీ ఏడ్చాను. ఆయన నన్ను చూసి జాలిపడ్డాడో, కోప్పడ్డాడో, ఏమనుకున్నాడో. వాళ్ల మాట వీళ్లకి చెప్పకుండా, వీళ్ల మాట వాళ్లకి చెప్పకుండా మా ఇద్దర్నీ బొమ్మల్లా కూర్చోబెట్టావు. మా అక్క కూతురివి నువ్వు. జూన్ నుంచి తెలుసన్నమాట! నేను నిద్రలేక చస్తుంటే, "నాకెలా తెలుసని అడక్కు" అని రాస్తావా? నీ ఉత్తరాలు నాకక్కర్లేదు.

త్సాయ్‌యున్

*

తైచుంగ్
ఆగస్టు 12

పిన్నీ,

అక్కర్లేదన్నావు. అయినా రాస్తున్నాను. నీ సంచీ నా దగ్గరుంది, అల్లం ముక్కతో సహా.

నువ్వు తిట్టినవన్నీ నిజమే. ఒట్టు వేసిన రోజే నీ దగ్గరికి రైలెక్కి రావాల్సింది. రాలేదు. నిజం చెబితే మీరిద్దరూ రావడం మానేస్తారు, బల్లలు ఖాళీ అవుతాయి, హోంగ్ నా గోడలకి ఎరుపు కొట్టిస్తాడు. నీ నిద్ర కంటే నా తెల్లగోడలు నాకు ఎక్కువైపోయాయి. క్షమించమని ఏ మొహంతో అడగను?

తర్వాత జరిగింది విను. విన్నాక నాకెందుకు మతి పోయిందో నువ్వే చెప్పు. నువ్వు వెళ్లాక కొనడానికొచ్చినవాళ్లందరూ లేచి వెళ్లిపోతారనుకున్నాను. ఒక్కరూ వెళ్లలేదు. గొడవేమిటో చూడ్డానికి వీధి వీధంతా లోపలికొచ్చింది. చిరిగిన కిటికీ దగ్గర వరస కట్టి ట్యూబులైట్లు చూశారు. ఒకావిడ ఆ రంగు ట్యూబులు ఎక్కడ దొరుకుతాయని నన్నడిగింది. అంత జనాన్ని చూసి ఇంకా జనం వచ్చారు. సాయంత్రానికి అయిదో అంతస్తు అయిపోయింది, ఆరోదీ అయిపోయింది. మార్చి నుంచి అమ్మనన్ని ఒక్క మధ్యాహ్నంలో అమ్మారు.

ఒక జంట, చంటిదాన్ని ఎత్తుకుని సంతకానికి కూర్చున్నారు. నేను ఉండబట్టలేక వెళ్లి, "ఆ కిటికీకి ఎదురుగా గోడ వస్తుంది, ఎండ రాదు" అని చెప్పేశాను. ఆ పిల్ల నన్ను చూసి నవ్వి, "తెలుసక్కా, ఇందాక అందరూ విన్నాం. ఇప్పుడుంటున్న దానికీ గోడే. అది మా అత్తగారి గోడ, ఇది మా గోడ" అంది. సంతకం పెట్టేసింది. నేను చేసింది మోసమో, కాదో, ఇప్పుడు నాకు తెలియడం లేదు పిన్నీ.

ఇక హోంగ్. నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తాడనుకుని సామాను సర్దుకుంటుంటే టీ తెచ్చిచ్చాడు! దయ్యాల నెల దాటాక ఇంకో షోరూమ్ తెరుస్తున్నాడు, దాన్నీ నన్నే చెయ్యమన్నాడు. నువ్వూ వెన్ గారూ ప్రతి ఆదివారం వచ్చి ఆ గొడవ అలాగే పడాలట. పెన్ను లాక్కోవడం, కిటికీ చించడం, అన్నీ. వారం వారం కొత్త కాగితం అతికిస్తానన్నాడు. అలా కొత్త సంవత్సరం పండగ వచ్చేదాకా చేస్తే, ఉదయవనంలో మిగిలిన ఫ్లాటు ఒకటి నీ పేర రాయిస్తానని బిల్డరు చేత మాట ఇప్పించాడు. కాగితం మీద కూడా రాసిచ్చాడు, నేను చూశాను. గోడ వైపుది కాదు, వీధి వైపుది. అందులో నిజంగానే ఎండ వస్తుంది.

నీకు ఇల్లు వస్తుంది పిన్నీ. నీ పేర, కిటికీ ఉన్న ఇల్లు. ఒప్పుకోమని చెప్పే ధైర్యం నాకు లేదు, వద్దని చెప్పే హక్కూ లేదు. నువ్వే చెప్పు.

వెన్ గారు సోమవారం సూటు తిరిగివ్వడానికి వచ్చారు. వెళ్తూ వెళ్తూ, "చాంగ్‌హ్వాలో బావాన్ కొట్లు చాలా ఉంటాయా?" అని అడిగారు. ఈసారి దాచలేదు. స్టేషన్ ఎదురుగా, వరస ఎక్కువగా ఉన్న కొట్టని చెప్పేశాను.

బీషియా

*

చాంగ్‌హ్వా
ఆగస్టు 25

బీషియా,

వచ్చాడు. వరసలో నిలబడ్డాడు. నేను మూకుడు వైపు తిరిగి ఉన్నాను, చూడలేదు. మీ అత్తయ్య వడ్డించింది. తినేసి మళ్లీ వెళ్లి వరస చివర నిలబడ్డాడు. అలా మళ్లీ మళ్లీ తింటుంటే మీ అత్తయ్య, "ఈ ముసలాయనకి ఇవాళ పొట్ట పగులుతుంది, చూడొదినా" అంది. తిరిగి చూశాను. చేతిలో గరిటె నూనెలో పడిపోయింది.

"మాస్టారూ" అన్నాను, అలవాటు చొప్పున. "ఆ మాట వద్దు, నాకు సంతకం కూడా సరిగ్గా రాదు. ఆ రోజు చెయ్యి వణికింది అందుకే" అన్నాడు. మీ మావయ్య, అత్తయ్య, వరసలో ఉన్న ఊరంతా విన్నారు. విననీ.

నీ మీద కోపం పూర్తిగా పోలేదు. సగం పోయింది. మిగతా సగం నువ్వొచ్చి నా ఎదురుగా కూర్చుని అన్నం తింటే పోతుంది.

ఆయనకి వరండా, నాకు అటక. అందుకే ఇద్దరం కలిసి ఇళ్లు చూశాం. స్టేషన్ వెనక మేడ మీద రేకుల గది ఒకటి ఖాళీగా ఉంది. దయ్యాల నెలలో ఎవరూ ఇల్లు మారరు కాబట్టి తక్కువకే ఇచ్చారు. మీ అత్తయ్య లబోదిబోమంది. "ఈ నెలలోనా వదినా! దయ్యాలు కూడా వచ్చి కూర్చుంటాయి!" అంది. కూర్చోనీ, కుర్చీలున్నాయి అన్నాను.

ఇద్దరం ఒక రోజంతా ఆ గదిలో నేల మీద కూర్చుని ఎండ ఎటు నుంచి వస్తుందో చూశాం. అన్ని వైపుల నుంచీ వస్తుంది! మధ్యాహ్నానికి గది మూకుడైపోతుంది. పక్కన సంత, ఒకటే గోల. నీ గదిలో ఉన్నట్టు ప్రశాంతంగా ఉండదు, అందంగా అసలే ఉండదు. వచ్చేటప్పుడు మందపాటి గుడ్డ తీసుకురా, తెరలు కుట్టాలి.

కింద ఇంటావిడ "మీ ఆయనా?" అని అడిగింది. అవునన్నాను. మర్నాడు వాళ్లాయన అడిగితే కాదన్నాను. మేం ఒకరికొకరం ఏమవుతామో మాకే తేలలేదు. తేలేదాకా ఆయన తలుపు వైపు, నేను కిటికీ వైపు. మధ్యలో తెర వేద్దామన్నాడు. వేస్తే గాలి ఆడదన్నాను.

హోంగ్ మాట ఆయనతో చెప్పాను. వీధి వైపు ఫ్లాటు, నా పేర, ఎండతో సహా. అబద్ధమాడను, ఆశ పుట్టింది. రాత్రంతా ఆ కాగితం నా కళ్ల ముందే ఉంది. ఆయన మాత్రం, "ట్రూపులో ఏడ్చే వేషానికి రోజూ నేనే బట్టలు ఇస్త్రీ చేసేవాణ్ణి. ఆ పిల్ల బాగా ఏడ్చేది, జనం కూడా ఏడ్చేవాళ్లు. లోపలికొచ్చి 'భోజనానికేముంది?' అనేది. అందులో తప్పేం లేదు. మీకెలా అనిపిస్తే అలా చేద్దాం" అన్నాడు.

నాకెలా అనిపిస్తోందంటే, ఆ ఇంట్లో పడుకుని ప్రతి ఆదివారం ఆయన వంక చూసి "వద్దు మాస్టారూ" అని అరిస్తే, ఒక రోజు నిజంగా వద్దనాల్సి వచ్చినప్పుడు ఆయన నమ్మడు. నేనూ నమ్మను.

హోంగ్‌కి చెప్పు. కూర్చోమంటే ఎన్నాళ్లైనా కూర్చుంటాను, టీ తాగుతాను, నాలుగు కొట్లున్నాయని చెబుతాను. ఆ పెన్ను మాత్రం నిజంగా లాక్కున్నాను. మళ్లీ లాక్కోలేను.

మీ పిన్ని